కిలో మేక పక్కటెముకలు

సుధారాణి పెట్టిన షరతు ఒక్కటే. కలుసుకునే చోట తెలుగువాళ్ళు ఉండకూడదు.

కువైట్‌లో అది మామూలు షరతు కాదు. ఫర్వానియా మెస్సుల్లో సగంమంది కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళే, మిగతా సగంమంది వాళ్ళకు తెలిసినవాళ్ళు. మిర్కాబ్ బస్టాపులో అయిదు నిమిషాలు నిలబడితే చాలు, ఎవరో ఒకరు "ఏమ్మా, బాగుండావా" అంటూ సంచీలతో ఎదురవుతారు. సముద్రం ఒడ్డున కూర్చుందామంటే శుక్రవారం అక్కడ ఊళ్ళకు ఊళ్ళే దుప్పట్లు పరుచుకుని ఉంటాయి. భర్త పోయి పదకొండేళ్ళయిన నలభయ్యేళ్ళ ఆడమనిషి ఒక మగమనిషికి ఎదురుగా కూర్చుని టీ తాగిందంటే, ఆ టీ చల్లారేలోపు కబురు రాయచోటి చేరుతుంది. అక్కడ నర్సింగ్ చదువుతున్న కూతురు హేమ చెవిన పడుతుంది. తను చెప్పకముందే ఇంకెవరో చెప్పడం సుధారాణికి ఇష్టం లేదు. అసలు చెప్పాలో వద్దో కూడా ఆమె ఇంకా తేల్చుకోలేదు.

ఈ చిక్కు విప్పింది వాంజిరు. ఎగైలాలో వాళ్ళిద్దరూ పనిచేసేది ఒకే ఇంట్లో. సుధారాణి మంచం పట్టిన పెద్ద మామాను, అంటే ఆ ఇంటి ముసలి యజమానురాలిని, చూసుకుంటుంది, కెన్యా నుంచి వచ్చిన వాంజిరు వంట చేస్తుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఇక్కడికొచ్చాక నేర్చుకున్న వచ్చీరాని అరబ్బీలోనే మూడేళ్ళుగా కష్టసుఖాలు, కోపాలు, వేళాకోళాలు అన్నీ నడిపిస్తున్నారు.

"రిగ్గైలో మావాళ్ళ హోటల్ ఉంది. మేకమాంసం నిప్పుల మీద కాలుస్తారు. శుక్రవారం కెన్యా మొత్తం అక్కడే ఉంటుంది. మీవాళ్ళు ఒక్కరు కూడా రారు," అంది వాంజిరు ఉల్లిపాయలు తరుగుతూ.

"నువ్వు కూడా రావాలి."

"వస్తాను. వేరే బల్ల దగ్గర కూర్చుంటాను. మనిషి నచ్చకపోతే చెవి గోక్కో. నేనొచ్చి మామా పిలుస్తోందని చెప్తాను. ఖలాస్, ఇద్దరం వచ్చేద్దాం."

ఆ మనిషి పేరు లింబాద్రి. నిజామాబాద్ జిల్లా, భీమ్‌గల్ దగ్గర పల్లె. ఒక కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఊరంతా ఎండకు మాడిపోతుంటే దూది కోటు తొడుక్కుని వణికే ఉద్యోగం. పెళ్ళి కాలేదు. సెలవుకు వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ళు సంబంధాలు చూడడం మొదలుపెట్టేవాళ్ళు, మాటలు ఒక కొలిక్కి వచ్చేలోపు అతని సెలవు అయిపోయేది. అలా నలభై మూడేళ్ళు వచ్చాయి.

అక్టోబరులో ఒకరోజు, దుమ్ముగాలిలో, మిర్కాబ్‌లో అతన్ని సుధారాణి బస్సు గురించి అడిగింది. అతను సరైన బస్సు చూపించి ఎక్కించాడు. ఆమె పెద్ద మామా మందుల పొట్లం బస్టాపు బెంచీ మీద మరిచిపోయి వెళ్ళింది. అతను మందుల చీటీ మీదున్న నంబరుకు ఫోన్ చేసి, తర్వాతి బస్సులో ఎగైలా దాకా వచ్చి, గేటు దగ్గర పొట్లం ఇచ్చి, నీళ్ళు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఫోన్లోనే మాటలు. ఎక్కువగా తిండి గురించే. ఏం తిన్నారని అతనడిగితే ఆమె ఫొటో పంపేది. చేపల కూర, మచ్బూస్ అనే అరబ్బు మాంసం పులావు, నిమ్మకాయ వేసిన కోడి. "మీ చేతిల ఏదో ఉన్నదండి," అని అతను మెచ్చుకునేవాడు. అవన్నీ వాంజిరు చేతి వంటలు. నేను చేశానని సుధారాణి ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం, పగలు పన్నెండు గంటలకు, ఆకుపచ్చ బోర్డు కింద లింబాద్రి ఇస్త్రీ చొక్కాతో, చేతి మీద కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. జుట్టుకు కొత్తగా రంగు వేయించినట్టుంది, చెవి పైన కొంచెం అంటుకుని ఉంది. ఆమెను చూసి నమస్కారం పెట్టాడు. వెనకున్న వాంజిరుకు కూడా పెట్టాడు. వాంజిరు అతనెవరో తెలియనట్టు మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లోపల సంత సంతగా ఉంది. ఒక మూల టీవీలో ఫుట్‌బాల్, ఇంకో మూల స్పీకరులో పాటలు, రెంటి మధ్య వంద గొంతులు. గోడవారగా అద్దం వెనక పొడుగాటి బొగ్గుల పొయ్యి. దాని మీద మేక తొడలు, పక్కలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. కొవ్వు కారి నిప్పుల్లో పడ్డప్పుడల్లా చుయ్యిమంటోంది. మసాలా వాసన లేదు, ఉప్పు, పొగ, మాంసం, అంతే. కిటికీ పక్క పొడవాటి బల్ల దగ్గర పదిహేనుమంది ఆడవాళ్ళు ఒకే రకం గుడ్డతో కుట్టించుకున్న గౌన్లలో ఎవరిదో పుట్టినరోజు చేస్తున్నారు.

ఇక్కడ మెనూ లేదు. మాంసం కొట్టే బల్ల దగ్గరికి వెళ్ళి, వేలాడుతున్న మేకలో ఏ భాగం కావాలో చూపించాలి. తెల్ల ఏప్రన్ కట్టుకున్న భారీ మనిషి, పేరు కమావు, కత్తి పట్టుకుని నవ్వుతూ చూశాడు.

"కీమా దొరుకుతదా?" అని లింబాద్రి హిందీలో అడిగాడు.

కమావు కీమా అనే మాటే మొదటిసారి విన్నట్టు చూశాడు.

"కార్జం? మెత్తగ ఉండేది ఏదన్న?"

సుధారాణికి అతని మొహమాటం చూస్తే ముచ్చటేసింది. ఖరీదు తక్కువది అడుగుతున్నాడేమో, తనకోసం తగ్గించుకుంటున్నాడేమో అనుకుంది. "ఈడికొచ్చి కైమా ఏంది? కాల్చిన పక్కటెమకలు తినల్ల. వాంజిరు చెప్పింది," అని, వేలితో చూపించి, "వన్ కిలో," అంది.

లింబాద్రి ఆ పక్కటెముకల వైపు, తరగతిలో లెక్క రానివాడు నల్లబల్ల వైపు చూసినట్టు చూశాడు. "సరే. మీ ఇష్టం," అన్నాడు.

మాంసం కాలడానికి గంట పైనే పడుతుందన్నారు. ఒక అమ్మాయి చెంబులో గోరువెచ్చని నీళ్ళు, కింద పట్టడానికి గిన్నె పట్టుకుని బల్ల దగ్గరికే వచ్చి చేతులు కడిగించింది. పెళ్ళిలో మర్యాద చేసినట్టుందని సుధారాణి అనుకుని, పెళ్ళి అనే మాట తనకే గుర్తొచ్చినందుకు తల దించుకుంది.

ముందుగా తెల్లటి మొక్కజొన్న ముద్ద ఒకటి వచ్చింది. పళ్ళెంలో బోర్లించిన గిన్నె ఆకారంలో ఉంది. సుధారాణి కొంచెం తుంచి నోట్లో వేసుకుని ఆగిపోయింది.

"ఇది సంగటి."

లింబాద్రి కూడా తిన్నాడు. "సంగటి కాదండి, గట్క. మక్క గట్క. మా అవ్వ పొద్దుగాల చేసేది, మజ్జిగ పోసుకొని తాగేటోళ్ళం."

"తాగేదేంది? ఇంత గట్టిగుంటే. సంగటే ఇది. రాగులు లేవు, అంతే."

"గట్టిగ చేస్తే గట్టిగుంటది. గట్కనే."

ఇద్దరూ తగ్గేలా లేరు. నీళ్ళు పోసిన అమ్మాయిని పిలిచి అడిగితే, "ఉగాలి," అని ఒక్కమాటలో తేల్చేసి వెళ్ళింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఫోన్లో నాలుగు నెలలు మాట్లాడినా, ఎదురుగా కూర్చుని పోట్లాడితే ఇంత బాగుంటుందని సుధారాణికి తెలియదు.

ఈలోపు పుట్టినరోజు బల్ల దగ్గర కేకు కోశారు. పాట మారింది. ఆడవాళ్ళంతా లేచి, కుర్చీలు వెనక్కి నెట్టి, నడుములు ఊపుతూ గొలుసుగా తిరగడం మొదలుపెట్టారు. వాంజిరు ఆ గొలుసులో కలిసిపోయి, దారిలో సుధారాణి చెయ్యి పట్టి లాగేసింది. సుధారాణి వద్దు వద్దంటూనే రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో పైట నడుముకు దోపుకుంది. లింబాద్రి లేవలేదు గానీ, బల్ల మీద వేళ్ళతో దరువు వేశాడు. ఆ దరువు తప్పలేదు. అది ఆమె గమనించింది.

ఆయాసపడుతూ వచ్చి కూర్చునేసరికి మాంసం వచ్చింది. కమావు స్వయంగా చెక్కబల్ల మోసుకొచ్చి, వాళ్ళ కళ్ళముందే కత్తితో టకటకా ఎముకలు విడగొట్టాడు. పక్కన ఒక కుప్ప ఉప్పు, ఇంకోపక్క ఉల్లి, టమోటా, పచ్చిమిర్చి సన్నగా తరిగిన కచుంబరి. మాంసం పైన మాడినట్టు నల్లగా, లోపల ఎర్రగా, అంచున కొవ్వు మెరుస్తోంది. సుధారాణి ఒక ఎముక తీసుకుని ఉప్పులో అద్ది కొరికింది. గట్టిగా ఉంది. కానీ నమిలేకొద్దీ రుచి దిగుతోంది.

"తినండి."

"తింట," అన్నాడు లింబాద్రి. కచుంబరి తిన్నాడు. ఉగాలి తిన్నాడు. మళ్ళీ కచుంబరి తిన్నాడు.

"బాగలేదా?"

"ఎందుకు బాగలేదు." ఒక పక్కటెముక తీసుకుని, దేవుడికి మొక్కుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, గట్టిగా కొరికాడు.

టక్కుమని చిన్న చప్పుడైంది. లింబాద్రి ఎముక బల్ల మీద వదిలేసి, రెండు చేతులతో నోరు మూసుకుని లేచాడు. చేతులు కడుక్కునే గది వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. వాంజిరు తన బల్ల వదిలి వచ్చింది. "ఏమైంది? పారిపోయాడా?"

"ఏమో."

"నువ్వు చెవి గోక్కోలేదే."

"నేను గోక్కోలేదు." తన డ్యాన్సు చూసి ఏమన్నా అనుకున్నాడా అని సుధారాణికి గుబులు పట్టింది. విధవరాలు నలుగురిలో ఎగిరిందని అనుకున్నాడేమో. అనుకుంటే అనుకోనీ, అలాంటివాడైతే ముందే తెలిసింది మంచిదే అని మనసును గట్టి చేసుకోబోతూ, అతను వదిలేసిన పక్కటెముక వైపు చూసింది. దానికి ఏదో అంటుకుని ఉంది. కచుంబరి ముక్క అనుకుని వంగి చూసింది. గులాబి రంగు పట్టీ. దానికి నాలుగు పళ్ళు. నాలుగూ మాంసంలో చక్కగా దిగి ఉన్నాయి.

వాంజిరు కూడా చూసింది. చూసి, కుర్చీలో కూలబడి, బల్ల మీద తల పెట్టి, భుజాలు కదిలేలా నవ్వింది. సుధారాణి మాత్రం నవ్వలేదు. కీమా ఎందుకు అడిగాడో, కార్జం ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలిసింది. వద్దని ఒక్కమాట అనలేక, తను చూపించిన ఎముకల్ని మొక్కుకుని మరీ కొరికాడు. ఆ పట్టీని జాగ్రత్తగా ఊడదీసి, నీళ్ళలో కడిగి, కాగితం రుమాలులో చుట్టి గుప్పిట్లో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుని, భుజాన ఉల్లిగడ్డల బస్తాతో ఒక మనిషి వచ్చాడు. సుధారాణి చప్పున తల పక్కకు తిప్పుకుంది. సిద్ధయ్య. రాయచోటిలో వాళ్ళ వీధి చివరి ఇల్లు. ఇక్కడ హోటళ్ళకు కూరగాయల వ్యాను తోలుతాడు. చెడ్డవాడు కాదు గానీ, అతని కడుపులో ఏ మాటా రెండు గంటలకు మించి నిలవదు. శుక్రవారం ఈ హోటలుకు రెండోసారి సరుకు పడుతుందని ఆమెకేం తెలుసు.

"ఓమ్మే, సుధారాణీ. నువ్వేంది ఈడ?" బస్తా దించి దగ్గరికి వచ్చాడు.

ఆమె నోరు తెరిచేలోపు లింబాద్రి తిరిగొచ్చాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్ళు కిందికి దించి. బల్ల దగ్గర కొత్తమనిషిని చూసి ఠక్కున ఆగాడు.

"ఈయనెవురు?" అన్నాడు సిద్ధయ్య.

మర్యాదకు సమాధానం చెప్పక తప్పలేదు. లింబాద్రి రుమాలు తీసి, "లింబాద్రి అంటరు. నిజామాబాద్," అన్నాడు. ముందు పళ్ళు లేక మాట మధ్యలో గాలి పోయింది. నిజామాబాద్ కాస్తా ఇంకేదో ఊరై బయటికొచ్చింది.

సిద్ధయ్య ఆ సందు వైపు చూశాడు, బల్ల మీది ఎముకల కుప్ప వైపు చూశాడు, పకపకా నవ్వాడు. "ఈ తాత ఎమకలు తినేకి వచ్చినాడా? పండ్లు ఇంట్లో పెట్టి వచ్చినట్టుండాడే."

లింబాద్రి మొహం ఎర్రబడింది. కుర్చీ మీదున్న తన కోటు కోసం చెయ్యి చాచాడు.

పెళ్ళి చేసుకుందామా అని అతను ఫోన్లో అడిగినా, సుధారాణి ఏ నిర్ణయమూ చేసుకుని రాలేదు. మనిషిని చూద్దాం, ఆలోచిద్దాం, ఇంకో నాలుగు నెలలు ఫోన్లో మాట్లాడదాం అనుకునే వచ్చింది. కానీ ఆ చెయ్యి కోటు మీద పడడం చూసేసరికి, నాలుగు నెలల ఆలోచన ఒక్క నిమిషంలో అయిపోయింది. నిలబడింది.

"నగద్దు సిద్ధయ్యన్నా," అంది నెమ్మదిగా. "ఈయన తాత కాదు. నాకంటే మూడేండ్లు పెద్ద. నన్ను పెండ్లి చేస్కుంటానని అడుగుతాండాడు. సరే అని చెప్పేకి నేను ఈడికొచ్చినా. నువ్వు కుచ్చో, ఒక ముక్క తిని పో. ఊరికి ఎట్లాగూ ఫోన్ చేస్తావు గదా, చేసేటప్పుడు సరింగా చెప్పు. పేరు లింబాద్రి, ఫోర్క్‌లిఫ్ట్ తోల్తాడు. తప్పుల్లేకుండా చెప్పు."

సిద్ధయ్య నవ్వు మొహం మీదే ఉండిపోయింది. చెప్పినట్టే ఒక ఎముక తీసుకుని నిలబడే నమిలాడు. "తప్పుగా అనుకోగాకన్నా," అని లింబాద్రితో అని, బస్తా ఎత్తుకుని వంటగదిలోకి జారుకున్నాడు.

లింబాద్రి ఇంకా కోటు పట్టుకునే ఉన్నాడు. "నిజంగనే అన్నరా? ఆయన నోరు మూయించనీకె అన్నరా?"

"కుచ్చోండి," అని, కాగితం రుమాలు అతని ముందుకు తోసింది. "కడిగినాను. కానీ పట్టీ పగిలినట్టుండాది."

అతను కూర్చున్నాడు. "మూడేండ్లయింది. క్యాంపు బాత్రూంల సబ్బు మీద కాలేసి జారిన. జెప్దమని ఎన్నిసార్లో అనుకున్న. ఫోన్ల పండ్ల ముచ్చట ఎట్ల తెస్తమని ఊకున్న. మీరేమో కిలో బొక్కలు జెప్తిరి."

అప్పుడు నవ్వింది సుధారాణి. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత పైట కొంగుతో కళ్ళు తుడుచుకుని, వీపు నిటారు చేసుకుంది.

"నేను గూడా ఒకటి చెప్పల్ల. నాకు వంట రాదు. అన్నం, పప్పు, గుడ్డు. అంతే. పెండ్లయిన కొత్తలో మా అత్త ఏడ్చేది. నేను పంపించిన ఫొటోలన్నీ ఈ పిల్ల చేసినవి."

పళ్ళ సంగతి కంటే ఇదే లింబాద్రికి పెద్ద దెబ్బలా కనిపించింది.

"చేపల కూర గుడనా?"

"అది గూడా."

"నిమ్మకాయ కోడి?"

"అది గూడా."

అతను మెల్లగా వాంజిరు వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు. ఎందుకో తెలియకపోయినా వాంజిరు కూడా జోడించింది. "పోనీ తియ్," అన్నాడు. మొదటిసారి నువ్వు అన్నాడు, తనే గమనించలేదు. "నాకు వంటొస్తది. క్యాంపుల ప్రతి ఐతారం నాడు... కాదు, ఈడ శుక్రారం గదా... పదకొండు మందికి నేనే వండుత. నీ పప్పు నువ్వు జేసుకో, కూర నేను జేస్త."

వాంజిరు లేచి కమావు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో గానీ కమావు గట్టిగా నవ్వి, మిగిలిన పక్కటెముకలన్నీ వెనక్కి తీసుకెళ్ళి, ఎముక నుంచి మాంసం ఒలిచి, కత్తితో పొడిపొడిగా కొట్టి తెచ్చాడు. దాంతోపాటు ఒక పెద్ద కప్పులో పొగలు కక్కే ఎముకల రసం. లింబాద్రి ఉగాలి ముద్ద రసంలో ముంచి, పైన కొట్టిన మాంసం పెట్టుకుని మింగాడు. రెండో ముద్ద. మూడో ముద్ద. మొత్తం కిలోలో మూడొంతులు అతనే తిన్నాడు. పళ్ళు లేని మనిషి అంత తినగలడని అక్కడెవరూ అనుకోలేదు. సుధారాణి మిరపకాయ కొరుకుతూ, అతను తింటుంటే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి బస్సులో, సముద్రం వైపు ఎండ పడుతుండగా, హేమ ఫోన్ చేసింది. సిద్ధయ్య చెప్పినట్టే చేశాడు, రెండు గంటలు కూడా ఆగలేదు.

"అమ్మా, పెద్దమ్మ ఏందో చెప్తాంది. నిజమేనా?"

"నిజమే. నేనే చెప్పల్లనుకున్యా. ముందే నీ చెవిన పడింది."

సుధారాణి ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. పక్కన వాంజిరు కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

"ఎట్లాంటోడమ్మా?" అంది హేమ చివరికి.

సుధారాణి ఆలోచించింది. ఉద్యోగం గురించి, ఊరి గురించి చెప్పొచ్చు. అవి పెద్దమ్మ ఎలాగూ చెప్పే ఉంటుంది. "హోటల్ నుంచి వస్తాంటే," అంది, "బస్సులో ఒక్కటే సీటుండింది. నన్ను కుచ్చోమని అనలా. వాంజిరును కుచ్చోమన్యాడు. తెల్లారి నాలుక్కు లేచి వంట చేస్తాదంట గదా, ఆయమ్మకు కాళ్ళు నొప్పులుంటాయి అన్యాడు. నేను నిలబడే ఉంటి, పక్క సీటు ఖాళీ అయ్యేదాకా. ఆయన మిర్కాబ్‌లో దిగి పోయినాడు."

"నీకు కోపం రాలేదా?"

"రాలా."

హేమ నవ్వింది. ఫోన్లో ఆ నవ్వు విని సుధారాణి ఫోను మీద బిగించిన పట్టు సడలించింది.

"ఎప్పుడు తోడుకొస్తావు?"

"జులైలో సెలవు అడుగుతా. మామా ఇస్తాది. ఆయన పండ్లు కట్టించుకోవల్ల, ఆలోపు అయిపోతాది."

"పండ్లా?"

"వచ్చినాక చెప్తా," అని సుధారాణి వాంజిరును తట్టి లేపింది. బస్సు ఎగైలా మలుపు తిరిగింది.